ఆ రోజు గేటు దగ్గర తోసింది నేనేనా?

ప్రశ్న:

నా వయసు 26. హైదరాబాద్‌లో ఉద్యోగం. నిరుడు ముగ్గురు స్నేహితురాళ్లం కలిసి ఒక పెద్ద మ్యూజికల్ నైట్‌కి వెళ్లాం. గేటు దగ్గర చాలాసేపు ఆపేశారు. లోపల పాట మొదలైనట్టు వినిపించేసరికి వెనక నుంచి ఒక్కసారిగా తోపు వచ్చింది. నా కాళ్లు నేల మీద ఆనలేదు, ఊపిరి అందలేదు. నా రెండు చేతులూ ముందున్న ఒక పెద్దావిడ వీపు మీద నొక్కుకుపోయాయి. ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను. చివరికి ఎవరో కుర్రాడు బారికేడ్ అవతల నుంచి నా చేతులు పట్టుకుని పైకి లాగేశాడు. ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. స్నేహితురాళ్లు మర్చిపోయారు కూడా. నాకు మాత్రం సంతకి వెళ్లాలన్నా, మెట్రో ఎక్కాలన్నా గుండె దడ. ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం చదివే తమ్ముడు వచ్చే నెల కచేరికి టికెట్ కొన్నాడు, అదీ స్టేజి ముందు నిలబడేది. "జనం మూకగా చేరితే పిచ్చెక్కిపోతారు, మనిషి మనిషిలా ఉండడు, వెళ్లడానికి వీల్లేదు" అంటున్నారు నాన్న. తమ్ముడు అలిగి అన్నం మానేశాడు. వాణ్ని పంపమనాలా, వద్దనాలా? తోడుగా నేను వెళ్లగలనా? నాన్న చెప్పినట్టు ఆ రోజు నేను కూడా మనిషిలా లేకుండా పోయానా?

— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

మీరు అడిగినవాటిలో చివరిదానికే ముందు జవాబు చెప్తాను. అది తేలితే తప్ప మిగతా రెండూ తేలవు. ఆ పెద్దావిడను మీరు తోయలేదు. ఓదార్పుకి అంటున్న మాట అనుకోకండి, దీనికి లెక్క ఉంది.

మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న నేల మీద ఇద్దరు ముగ్గురు నిలబడితే ఎవరి అడుగు వాళ్లు వేయగలరు, కావాలంటే వెనక్కి తిరిగి వెళ్లిపోగలరు. నలుగురైతే భుజాలు తగులుతుంటాయి. అయిదుగురు దాటితే ఎటు కదలాలన్నది మన చేతుల్లోంచి జారిపోవడం మొదలవుతుంది. ఏడుగురి దగ్గరికి వస్తే జనం ఒకే ముద్దగా, ఒక ద్రవంలా కదులుతారని, అందులో పుట్టే అలలు మనుషుల్ని నేల మీంచి లేపి మూడు మీటర్లో ఇంకా ఎక్కువో అవతలికి విసిరేయగలవని జాన్ ఫ్రూయిన్ అనే అమెరికన్ ఇంజినీరు 1993లోనే రాశారు. ఆయన జీవితమంతా నడిచే మనుషుల కదలికల్నే చదివారు. మీ కాళ్లు నేల మీద ఆనలేదని రాశారు చూడండి, ఆ ఒక్క వాక్యం చాలు, అక్కడ ఎంత ఒత్తిడి ఉందో చెప్పడానికి. కాళ్లు నేలకి ఆననివాళ్లు ఇంకొకరిని తోయలేరు. తోయాలంటే ముందు నిలదొక్కుకోవాలి కదా. బస్సు సడన్ బ్రేకు వేస్తే ముందున్నవాళ్ల మీద పడతాం, అంతమాత్రాన వాళ్లని కొట్టామని ఎవరూ అనరు. మీ వెనక ఉన్న వందలమంది బరువు మీ చేతుల మీదుగా ఆవిడ వీపు మీదికి వెళ్లింది. ఆవిడ బరువు, మీ బరువు, మీ వెనకవాళ్ల బరువు కలిసి ఆవిడ ముందున్నవాళ్ల మీదికి వెళ్లింది.

ఇంకో సంగతి తెలిస్తే మీ మనసు మరికాస్త తేలికపడుతుంది. స్పెయిన్‌లోని పాంప్లోనాలో ఏటా జులైలో సాన్ ఫెర్మిన్ పండుగ మొదలయ్యే రోజు నగర కూడలిలో వేలమంది కిక్కిరిసి నిలబడతారు. ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్తలు కొన్నేళ్లపాటు ఆ జనాన్ని పైనుంచి వీడియో తీసి చూశారు. సాంద్రత ఒక హద్దు దాటాక వందలమంది కలిసి, ఎవరూ ఎవరినీ తోయకుండానే, సుమారు 18 సెకన్లకొకసారి గుండ్రంగా ఊగడం మొదలుపెట్టారు. ఆ ఫలితాలు 2025లో నేచర్ పత్రికలో వచ్చాయి. 2010లో జర్మనీలోని డ్యూస్‌బర్గ్‌లో లవ్ పరేడ్ అనే సంగీతోత్సవంలో 21 మంది చనిపోయిన ప్రమాదం వీడియోల్లోనూ వాళ్లకి అదే ఊపు కనిపించింది. ఎవరి ఉద్దేశమూ లేకుండానే అంత బలం పుడుతుంది. కాబట్టి "వెనకాల ఎవడో తోశాడు" అని మనం వెతికే ఆ ఒక్క మనిషి చాలాసార్లు అసలు ఉండడు.

ఇప్పుడు నాన్నగారి మాట. ఆయన్ని తప్పుపట్టను, ఆయన ఒక్కరే కాదు, చదువుకున్నవాళ్లలోనూ ఎక్కువమంది నమ్మేది ఇదే. 1895లో ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె బాన్ రాసిన ఒక పుస్తకం దీన్ని ప్రపంచమంతా పాకించింది. గుంపులో చేరగానే మనిషి తన బుద్ధి పోగొట్టుకుని ఆటవికుడైపోతాడన్నది ఆయన వాదం. పైనుంచి చూసి భయపడ్డవాళ్ల వాదం అది. గుంపు లోపలినుంచి బయటపడినవాళ్లని కూర్చోబెట్టి అడిగినప్పుడు వేరే కథ బయటికొచ్చింది. బ్రిటన్‌లో సస్సెక్స్ విశ్వవిద్యాలయంలో జాన్ డ్రూరీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు చేసిన పని అదే. 2005 జులై 7న లండన్ రైళ్లలో బాంబులు పేలినప్పుడు చీకట్లో, పొగలో చిక్కుకున్న ముక్కూమొహం తెలియనివాళ్లు ఒకరికొకరు కట్లు కట్టారు, నీళ్లు పంచుకున్నారు, వరసగా నడిచి బయటికొచ్చారు. నన్ను నేను కాపాడుకుంటే చాలని పక్కవాళ్లని తొక్కుకుంటూ పోయినవాళ్లు చాలా అరుదు. ఆపద అందరిదీ అయినప్పుడు "నేను" అన్నది "మనం" అవుతుందని వాళ్లు తేల్చారు.

దీనికి లండన్ దాకా వెళ్లక్కర్లేదు. మీ ఉత్తరంలోనే సాక్ష్యం ఉంది. బారికేడ్ అవతల సురక్షితంగా ఉన్న ఒక కుర్రాడు తన దారిన తను పాట వినడానికి పోకుండా, మీరెవరో తెలియకపోయినా, వంగి మీ చేతులు పట్టుకున్నాడు. ఆ గుంపులో అతనూ ఒకడే. మీరు ఆ పెద్దావిడ చూపు ఒక్కటే దాచుకున్నారు, ఆ కుర్రాడి చేతుల్ని కూడా దాచుకోండి. ఆవిడ చూపు గురించి నాకు తోచింది ఒకటే: ఊపిరి ఆడనివాళ్లు వెనక్కి తిరిగి చూసేది నిందించడానికి కాదు, గాలి కోసం, ఖాళీ కోసం.

"జనానికి పిచ్చెక్కింది" అనే నమ్మకం మీద నాకు ఇంత పట్టుదల ఎందుకంటే, దానివల్ల మనుషులు చనిపోతున్నారు. అలా నమ్మిన నిర్వాహకులు ఏం చేస్తారో గమనించండి. ఏదైనా తేడా జరిగితే మైకులో చెప్పరు, చెప్తే జనం పరుగులు పెడతారని. ఇంకా నాలుగు బారికేడ్లు కడతారు, ఇంకో పాతికమంది బౌన్సర్లని పెడతారు. జరగకూడనిది జరిగాక "అభిమానుల అత్యుత్సాహం" అంటారు. 1989 ఏప్రిల్ 15న ఇంగ్లండ్‌లో హిల్స్‌బరో ఫుట్‌బాల్ మైదానంలో జరిగిన ఒత్తిడికి మొత్తం 97 మంది చనిపోయారు. తాగి తోసుకున్నారని నింద అభిమానుల మీదే వేశారు. అభిమానుల తప్పేమీ లేదని, ఆ మరణాలు చట్టవిరుద్ధంగా సంభవించినవని న్యాయస్థానంలో జ్యూరీ తేల్చడానికి 2016 దాకా పట్టింది. కన్నబిడ్డలు పోయినవాళ్లు 27 ఏళ్లు ఆ నింద కూడా మోశారు.

మీకు జరిగినదానికి అచ్చంగా పోలిన ఘటన మాత్రం 1979 డిసెంబర్ 3న అమెరికాలోని సిన్సినాటి నగరంలో జరిగింది. ది హూ అనే రాక్ బృందం కచేరి. ఎక్కువ టికెట్లకి సీటు నంబర్లు లేవు, ముందు వెళ్లినవాళ్లకి ముందు చోటు. వేలమంది చలిలో గంటల తరబడి బయట నిలబడ్డారు. తెరిచినవి కొద్ది తలుపులే. లోపల నుంచి సంగీతం వినిపించేసరికి కచేరి మొదలైపోయిందనుకున్నారు. వెనకవాళ్లు ఒక్కో అడుగు ముందుకేశారు. మిగతా తలుపులు ఇంకా తెరుచుకోలేదన్న సంగతి వాళ్లకి తెలియదు, తెలియజెప్పే ఏర్పాటు లేదు. ముందున్న 11 మంది ఊపిరాడక చనిపోయారు. లోపల కచేరి పూర్తయ్యేదాకా బృందానికి ఆ విషయం చెప్పలేదు.

ఆ ఒక్కో అడుగు గురించి ఆలోచించండి. వెనకనున్న మనిషి తన మటుకు తాను వేసింది అరడుగే. తన ముందు కాస్త ఖాళీ కనిపించింది, వేశాడు. అతని దగ్గర ఊపిరి ఆడుతోంది, నవ్వులు వినిపిస్తున్నాయి. యాభై వరసల ముందు ఏం జరుగుతోందో అతనికి కనపడదు. గుంపులో కబురు వెనక నుంచి ముందుకి ఒత్తిడి రూపంలో క్షణాల్లో చేరుతుంది, ముందు నుంచి వెనక్కి మాత్రం రాదు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు చనిపోయారు. అస్వస్థతకు గురైన ఒకరిని బయటికి తీసుకురావడానికి గేటు తెరిస్తే, టోకెన్లకి వదులుతున్నారనుకుని జనం ముందుకొచ్చారని అప్పట్లో అధికారులు చెప్పారు. అదే ఏడు జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర 11 మంది పోయారు. ఎవరికి ప్రవేశం ఉందో, ఎవరికి లేదో స్పష్టంగా తెలియక లక్షలాదిగా వచ్చినవాళ్లు గేట్ల దగ్గరే పోగయ్యారు. 2023 నవంబర్ 25న కొచ్చి సైన్స్ అండ్ టెక్నాలజీ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల టెక్ ఫెస్ట్‌లో కచేరి. వాన పడగానే బయట ఉన్నవాళ్లు ఓపెన్ ఆడిటోరియం లోపలికి రావాలనుకున్నారు, గేటు దాటగానే దిగువకి మెట్లు, నలుగురు చనిపోయారు. వాన పడితే లోపలికి పరిగెత్తడం పిచ్చి అంటామా? భక్తులు, క్రికెట్ అభిమానులు, కాలేజీ పిల్లలు, ముగ్గురూ వేరు వేరు. గేటు ఇరుకు, కబురు లేకపోవడం, ఒకేసారి ముందుకి రావాల్సిన కారణం, ఈ మూడూ మాత్రం అన్నిచోట్లా ఉన్నాయి.

సియోల్‌లోని ఇటెవాన్‌లో 2022 అక్టోబర్ 29 రాత్రి, కచేరి కూడా కాదు, ఒక ఇరుకు సందు, 159 మంది పోయారు. సాయంత్రం 6:34కే ఒకరు పోలీసులకి ఫోన్ చేసి ఇక్కడ నలిగిపోయేట్టున్నాం అని చెప్పారు. రాత్రి పదింపావుకి ఘోరం జరిగేలోపు అలాంటి ఫోన్లు 11 వెళ్లాయి. గుంపుకి బుద్ధి లేదనుకున్నప్పుడు, ఆ గుంపు స్పృహతో చెప్పిన మాట కూడా వినపడదు.

ఇన్ని చావుల గురించి రాశాక కచేరికి వెళ్లమని ఎలా చెప్తాను అనుకుంటున్నారేమో. వెళ్లమనే చెప్తాను. మీ తమ్ముడు అన్నం మానేసింది పంతంతోనే అనుకోకండి. ఫోన్‌లో వందసార్లు విన్న పాటని పదివేలమందితో కలిసి పాడితే ఒళ్లు గగుర్పొడుస్తుంది. పక్కనున్నవాడు ఎవరో తెలియదు, అయినా పల్లవి దగ్గర ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటారు. భజనలో, జాతరలో, ఊరేగింపులో మన పెద్దలు పొందింది కూడా ఇదే. ఇది మనిషికి కావాల్సిన ఆనందం. దాన్ని పిల్లలకి లేకుండా చేయడం నాకు న్యాయంగా అనిపించదు.

ఈ ఆనందం గురించి కూడా మంచి పరిశోధన జరిగింది. 2002 జులై 13న ఇంగ్లండ్‌లోని బ్రైటన్ సముద్రతీరంలో ఫ్యాట్‌బాయ్ స్లిమ్ అనే డీజే ఉచిత కచేరి పెట్టాడు. 60 వేలమంది వస్తారనుకుంటే రెండున్నర లక్షల మంది వచ్చారు. ఏర్పాట్లన్నీ చేతులెత్తేశాయి. ఎంత ఘోరమైనా జరిగి ఉండేదే. జనం తమంతట తామే ఒకరికొకరు చోటిచ్చుకున్నారు, పడినవాళ్లని లేపారు, దారి వదిలారు. డ్రూరీ బృందం తర్వాత అక్కడికి వెళ్లినవాళ్లని అడిగితే, ఆ గుంపుని "మనవాళ్లు" అనుకున్నవాళ్లకి ఎక్కువ భద్రంగా అనిపించిందని, పక్కవాళ్లు సాయపడతారన్న నమ్మకం కూడా వాళ్లకే ఎక్కువని తెలిసింది. ఇంకో ఆశ్చర్యం: అలా అనుకున్నవాళ్లకి ఇరుకు కూడా తక్కువగా అనిపించింది. అదే రద్దీ, అదే తీరం. మనసు కలిసినవాళ్లకి ఖాళీగా, కలవనివాళ్లకి కిక్కిరిసినట్టుగా.

మీ తమ్ముడికి నేను నేరుగా చెప్పగలిగితే ఇక్కడే ఆపి చెప్తాను, ఎందుకంటే ఈ ఉత్తరంలో నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇదే. గుంపుని కాపాడేదీ, గుంపులో మనల్ని ఏమార్చేదీ ఒకటే, ఆ "మనం" అనే భావన. స్టేజికి దగ్గరగా, ఇష్టమైన పాట మధ్యలో ఉన్న కుర్రాడికి ఇరుకు ఇరుకులా అనిపించదు. ఎంతో బాగుంది, ఇంకాస్త ముందుకెళ్దాం అనిపిస్తుంది. నలుగురు ఆరుగురైనా, ఆరుగురు ఏడుగురైనా మనసు గంట కొట్టదు. భయం వేసినప్పుడు బయటికి రావాలనుకుంటే ఆలస్యమైపోతుంది. భయం వచ్చేసరికి దారి మూసుకుపోయి ఉంటుంది. అందుకని మనసుని అడగొద్దు, ఒంటిని అడగాలి. రెండు చేతులూ పైకెత్తి మొహం తుడుచుకోగలనా? పక్కవాణ్ని తగలకుండా ఒక చుట్టు తిరగగలనా? నేను కదలకపోయినా నా ఒళ్లు అటూ ఇటూ ఊగుతోందా? రెండు పాటలకొకసారి ఇది చూసుకోవాలి. చేతులు పైకెత్తలేకపోతే ఎంత బాగున్నా సరే, ఎంత ఇష్టమైన పాట వస్తున్నా సరే, అప్పుడే వెనక్కి జరగాలి. ఊపు కనిపించిందంటే ఇక ఆగకూడదు.

ఎలా జరగాలన్నది కూడా ముఖ్యం. తోపుకి ఎదురు నిలబడి తోస్తే బలం అయిపోతుందే తప్ప ఒక్క అడుగు కూడా రాదు. అల వచ్చినప్పుడు దానితోపాటే కదిలి, అది తగ్గిన క్షణంలో పక్కకి, ఏటవాలుగా ఒక అడుగు. మళ్లీ అల, మళ్లీ ఏటవాలుగా ఇంకో అడుగు. గోడ, స్తంభం, బారికేడ్ వైపు మాత్రం పోకూడదు, జనానికీ గట్టిగా ఉన్నదానికీ మధ్యే ఎక్కువమంది నలుగుతారు. చేతులు మోచేతుల దగ్గర మడిచి రొమ్ముకి కాస్త ఎడంగా ముందు పెట్టుకోవాలి, ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి. రొమ్ము ముందు ఆ నాలుగు వేళ్ల ఖాళీయే ప్రాణం. ఇలాంటిచోట్ల చనిపోయేవాళ్లలో ఎక్కువమంది కింద పడి కాదు, నిలబడే చనిపోతారు, పక్కటెముకలు విచ్చుకోలేక, గాలి లోపలికి పోక. అందుకే అరుపులతో ఊపిరి వృథా చేసుకోకూడదు. ఫోన్ జారిపోతే పోనివ్వమనండి, వంగకూడదు. పడిపోతే వెంటనే లేవాలి, లేవలేకపోతే పక్కకి తిరిగి ముడుచుకుని తల చేతుల్లో దాచుకోవాలి. చెప్పులు వద్దు, బిగించి కట్టిన బూట్లు వేసుకోవాలి. మీరు వెళ్తే చున్నీ ఇంట్లో పెట్టి వెళ్లండి.

ఇదంతా చివరి ఘట్టం. దానికి చాలా ముందే పట్టుకోవాల్సిన సంగతులు గేటు దగ్గరే ఉంటాయి, మీకు ఆ రోజు జరిగింది కూడా అక్కడే. గేటు బయట జనం కదలకుండా పెరుగుతూ ఉంటే, ఎందుకు ఆపారో ఎవరూ మైకులో చెప్పకపోతే, ఆ కచేరి నిర్వహణ బాలేదని అర్థం. టికెట్ చేతిలో ఉన్నంత మాత్రాన చోటు ఉందనుకోవద్దు. 2023 సెప్టెంబర్‌లో చెన్నైలో ఏఆర్ రెహమాన్ కచేరికి టికెట్లు కొన్నవాళ్లే వేలమంది లోపలికి వెళ్లలేకపోయారు, తోపులాటలో ఆడవాళ్లు, పిల్లలు నానా అవస్థలు పడ్డారు, చివరికి డబ్బులు వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. అలాంటిచోట పక్కకి తప్పుకుని, రద్దీ తగ్గాక వెళ్లాలి. రెండు పాటలు పోతాయి, అంతే. లోపల పాట మొదలైంది కదా అని కాళ్లు పరుగు తీయబోయే ఆ క్షణమే అన్నిటికన్నా ప్రమాదం.

లోపలికి వెళ్లాక తమ్ముడు మొదట చూడాల్సింది స్టేజి కాదు, తను వచ్చిన దారి కాకుండా ఇంకో దారి ఎక్కడుందో. ఆపదలో మనిషి కాళ్లు తనకి తెలిసిన తలుపు వైపే వెళ్తాయి. 2003 ఫిబ్రవరి 20న అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని స్టేషన్ అనే నైట్‌క్లబ్‌లో స్టేజి మీది బాణసంచాకి మంటలంటుకున్నాయి. వేరే తలుపులున్నా ఎక్కువమంది వచ్చిన తలుపు దగ్గరికే పరిగెత్తారు, అక్కడే ఇరుక్కుపోయారు. 100 మంది చనిపోయారు.

పాడేవాళ్ల మీద, నిర్వాహకుల మీద నాకు ఉన్న కోపం కూడా ఇక్కడ చెప్పాలి. 2021 నవంబర్ 5న హ్యూస్టన్‌లో ఆస్ట్రోవరల్డ్ కచేరిలో జనం "ఆపండి" అని అరిచారు. పెద్ద సంఖ్యలో జనం ప్రమాదంలో ఉన్నారని అధికారులు ప్రకటించాక కూడా పాటలు అరగంటకి పైగా సాగాయి. తొమ్మిదేళ్ల పిల్లాడితో సహా పదిమంది పోయారు. స్టేజి మీదున్న మనిషికి పోలీసులకి కూడా లేని శక్తి ఉంది: అతను ఆగమంటే వెనక వరస దాకా ఆగుతారు, రెండడుగులు వెనక్కి వేయమంటే వేస్తారు, ఎందుకంటే అందరూ అతని మాట వినడానికే వచ్చారు. ముందు నుంచి వెనక్కి వెళ్లని ఆ కబురుని ఒక్క వాక్యంతో పంపగలిగేది అతనొక్కడే. మన దగ్గర ప్రీ-రిలీజ్ ఫంక్షన్లలో, మ్యూజికల్ నైట్లలో ఎవరు పాట ఆపగలరు, ఎవరు చెప్తే ఆపాలి అన్నది ముందే రాసిపెట్టుకోవాలి. గుంపుల నిర్వహణ మీద జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2014లోనే మార్గదర్శిని ఇచ్చింది. అది చదవని నిర్వాహకుడికి అనుమతి ఇవ్వకూడదు.

ఇక మీ సంగతి. మెట్రోలో గుండె దడ రావడం పిరికితనం కాదు. ఊపిరి ఆగిపోబోయిన జ్ఞాపకం ఒంట్లో మిగిలిపోయింది, జనం కనిపించగానే ఒళ్లు అదే అనుకుంటోంది. మానేసిన కొద్దీ ఆ భయం పెరుగుతుంది, అందుకని పూర్తిగా తప్పించుకు తిరగకండి. రద్దీ తక్కువుండే వేళ మెట్రోలో రెండు స్టేషన్లు వెళ్లండి, తలుపు పక్కన నిలబడండి. దడ మొదలైతే దిగి పారిపోకుండా, గాలి నెమ్మదిగా వదులుతూ అది తగ్గేదాకా ఉండండి, తగ్గుతుంది. తర్వాత ఇంకాస్త రద్దీ వేళ. సంతకి కూడా అంతే. నిద్రలో ఆ దృశ్యం వచ్చి ఉలిక్కిపడుతున్నా, ఆఫీసుకి వెళ్లడమే కష్టమవుతున్నా మాత్రం ఒంటరిగా పోరాడకండి, మానసిక నిపుణులని కలవండి. ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబర్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఏడాది గడిచింది కదా, ఇంకా ఏమిటి అని ఎవరైనా అన్నా పట్టించుకోకండి.

తమ్ముడికి తోడుగా వెళ్లమని నేను బలవంతం చేయను. వచ్చే నెల స్టేజి ముందు నిలబడే టికెట్‌తో మొదలుపెట్టడం మీకు మరీ ఎక్కువ. ముందు వాడి టికెట్ మార్చే వీలుందేమో కనుక్కోండి. చుట్టూ సీట్లుండే వైపు తీసుకుంటే ఇద్దరూ వెళ్లొచ్చు, నాన్నగారి గుండె కూడా కాస్త కుదుటపడుతుంది. నిలబడే టికెట్లకి కొన్నిచోట్ల వయసు పరిమితి ఉంటుంది, ఇంటర్ చదివేవాడికి 18 నిండాయో లేదో, నిబంధన ఏముందో ముందే చూసుకోండి. మార్చడం కుదరక వాడు స్నేహితులతో వెళ్లాల్సి వస్తే, స్టేజికి ఎదురుగా నడిమధ్యలో కాకుండా పక్కగా, వెనకగా, సౌండ్ కన్సోల్ దగ్గర నిలబడమనండి. పాట నిజంగా బాగా వినిపించేది కూడా అక్కడే, సౌండ్ ఇంజినీరు కూర్చునేది అక్కడే కాబట్టి.

నాన్నగారితో వాదనకి దిగకండి. జనం మీద ఆయనకున్న భయం వెనక కొడుకు మీద భయం ఉంది. వాడినే పక్కన కూర్చోబెట్టి చెప్పించండి: ఏ గేటు నుంచి వెళ్తాడు, రెండో దారి ఎక్కడుంది, ఫోన్ పోతే స్నేహితులు ఎక్కడ కలుసుకుంటారు, చేతులు పైకెత్తలేకపోతే ఏం చేస్తాడు, ఎవరైనా పడిపోతే 112కి ఫోన్ చేసి ఏ గేటు దగ్గరని చెప్తాడు. అలిగి అన్నం మానేసిన పిల్లాడి మాట కంటే ఇవి తడుముకోకుండా చెప్పగలిగే కుర్రాడి మాట నాన్నగారికి బాగా వినపడుతుంది. చెప్పలేకపోతే ఈసారికి పంపొద్దు, అందులో నేను నాన్నగారి పక్షం.

మీరిద్దరూ కలిసే వెళ్తే, బయల్దేరే ముందే ఒక ఒప్పందం చేసుకోండి. మీలో ఎవరు "పద, వెళ్లిపోదాం" అన్నా రెండోవాళ్లు కారణం అడగకూడదు, "ఈ పాట అయిపోనీ" అనకూడదు. పిరికిదానివని వాడు అనకూడదు, నీవల్లే అని మీరు అనకూడదు. వాడికి ప్రాణమైన పాట వస్తున్నా, టికెట్ డబ్బులు పోయినా సరే.